ఒక్కసారే నొక్కాను, రెండు బాల్స్ వెళ్లాయి. పెయింట్‌బాల్ గన్‌లో సర్క్యూట్ బోర్డు పోయిందా?

కొత్తచెయ్యి
నిన్న మూడో గేమ్ మధ్యలో రెఫరీ ఆపి నా గన్ తీసుకున్నాడు. నేల వైపు పెట్టి ట్రిగ్గర్ మెల్లగా, చాలా మెల్లగా నొక్కాడు. టప్ టప్. నొక్కింది ఒక్కసారి, వెళ్లింది రెండు బాల్స్. ఇంకోసారి నొక్కాడు, మళ్లీ రెండు. "ఇక్కడ సెమీ మాత్రమే, ఒక నొక్కుకి ఒకే బాల్. ఈ గన్‌తో ఈ రోజు ఆడొద్దు" అని పక్కన పెట్టేశాడు. నేను ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. ఎలక్ట్రానిక్ పెయింట్‌బాల్ గన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మూడు వారాలైంది. ట్రిగ్గర్ మీద వేలు ఆనిస్తే చాలు పేలుతుంది, కొన్నప్పుడు నాకు నచ్చింది కూడా అదే. అందరి ముందు మోసం చేసి దొరికిపోయినవాడిలా నిలబడ్డాను. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. బోర్డు మార్చాలా?

బంకర్‌బుజ్జి
మార్చేయ్. నాదీ ఇలాగే చేసింది, బోర్డు మార్చాక సరిపోయింది.

రంగులరాజు
బ్యాటరీ చూశావా? బ్యాటరీ వీక్ అయితే పిచ్చి పిచ్చిగా చేస్తాయి ఇవి.

తీగలమనిషి
బ్యాటరీ వీక్ అయితే షాట్లు తగ్గుతాయి, పెరగవు. గాలి వదిలే కరెంట్ వాల్వ్, అదే సొలనాయిడ్, దానికి సరిపడా కరెంట్ అందక మధ్యమధ్యలో బాల్ వెళ్లకుండా పోతుంది. ఇతని సమస్య దానికి తిరగబడి ఉంది.

బోర్డు కూడా నా దృష్టిలో చివరి అనుమానమే. ఎలక్ట్రానిక్ గన్‌లో ట్రిగ్గర్ నేరుగా దేన్నీ కదిలించదు. వెనకాల ఉన్న చిన్న మైక్రోస్విచ్‌ని నొక్కుతుంది, లేదా ఒక కాంతి కిరణానికి అడ్డం వెళ్తుంది. బోర్డు దాన్ని "ఒక నొక్కు" అని చదివి సొలనాయిడ్‌ని కొన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది, గాలి బాల్ వెనకున్న బోల్ట్‌ని నడుపుతుంది, బాల్ వెళ్తుంది.

ఇప్పుడు తిరకాసు ఏంటంటే, స్విచ్ లోపలి రేకులు ఒక్కసారిగా అతుక్కోవు. తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి, అప్పుడు కుదురుకుంటాయి. మన వేలికి అది తెలియదు కానీ బోర్డు సెకనులో వెయ్యో వంతుని కూడా చూస్తుంది కదా, దానికి నాలుగైదు నొక్కుల్లా కనిపిస్తుంది. అందుకే బోర్డులో డీబౌన్స్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ఒక నొక్కు పడ్డాక కొంతసేపు వచ్చే అదురుని లెక్కలోకి తీసుకోవద్దని దానికి చెప్పడం అన్నమాట. నీకు గన్ అమ్మినాయన స్పీడ్ కోసం అది బాగా తగ్గించేసి ఉంటాడని నా అనుమానం.

వెనకవరస
లేదా ర్యాంపింగ్ మోడ్‌లో వదిలేసి ఉంటాడు. సెకనుకి కొన్ని నొక్కులు దాటగానే మిగతా బాల్స్ గన్నే కలిపేస్తుంది. ముందు మోడ్ ఏంటో చూసుకో తమ్ముడూ.

చారలచొక్కా
నేను రెఫరీగా చేస్తాను కాబట్టి చెప్తున్నా. ర్యాంపింగ్ అయితే మెల్లగా నొక్కితే బయటపడదు, వేగం అందుకున్నాకే మొదలవుతుంది. మెల్లగా నొక్కినా రెండు వచ్చాయంటే అది బౌన్స్. ఆ రెఫరీ చేసిన పరీక్ష కరెక్ట్, మేమూ అదే చేస్తాం. వేగంగా నొక్కితే ఎవరి వేలు ఎన్నిసార్లు కదిలిందో కంటికి ఆనదు, మెల్లగా నొక్కితే వాదన ఉండదు.

ఇంకో మాట. బయటికి పంపినంత మాత్రాన నిన్ను మోసగాడు అన్నట్టు కాదు. పక్కన పెట్టింది గన్‌ని. ఎదుటివాడికి ఒకటి తగలాల్సిన చోట రెండు తగులుతున్నాయంటే, అదీ దగ్గర నుంచి అయితే, ఆపక తప్పదు. నువ్వు కావాలని చేశావా లేదా అన్నది ఆ నిమిషంలో మాకు అనవసరం.

కొత్తచెయ్యి
మోడ్ చూశాను, సెమీలోనే ఉంది. చారలచొక్కా గారూ, మీ మాటతో కొంచెం తేలికపడ్డాను. డీబౌన్స్ ఎక్కడుందో మాన్యువల్ వెతుకుతున్నా.

పాతపంపు
నన్నడిగితే అసలు రోగం ఆ తేలికపాటి ట్రిగ్గర్ దగ్గరే ఉంది. "వేలు ఆనిస్తే పేలుతుంది" అని మెచ్చుకునే గుణం కాదది. 1981 జూన్ 27న అమెరికాలో న్యూహాంప్‌షైర్ అడవిలో మొదటి ఆట ఆడినప్పుడు పన్నెండు మంది చేతుల్లోనూ నెల్‌స్పాట్ 007లే. చెట్లకీ పశువులకీ గుర్తులు వేయడానికి చేసిన గన్ అది. ప్రతి బాల్‌కీ చేత్తో కాక్ చేసుకోవాలి, అంటే తర్వాతి షాట్‌కి సిద్ధం చేసుకోవాలి. ఆ రోజు గెలిచినాయన ఒక్క బాల్ కూడా కాల్చకుండానే జెండాలన్నీ తెచ్చుకున్నాడు. నేనిప్పటికీ అలా ప్రతి బాల్‌కీ చేత్తో లాగే పంప్ గన్‌తోనే ఆడతాను. ట్రిగ్గర్ ఒకసారి నొక్కానంటే, ఆ బాల్ ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకున్నానన్నట్టు.

వెనకవరస
పెద్దాయనా, మీ ఆట అంటే గౌరవమే. కానీ నా పని వేరు. విజిల్ పడగానే ఎదుటి టీమ్ పరుగెత్తే దారి మీద వరుసగా బాల్స్ పెడుతూ ఉండాలి. మధ్యలో ఖాళీ వస్తే ఆ ఖాళీలోంచి మనిషి దూరిపోతాడు. బరువైన ట్రిగ్గర్‌తో ఐదారు సెకన్లకే వేలు బిగుసుకుపోతుంది, లయ తప్పుతుంది. రెండు వేళ్లతో నడిపించాలంటే ట్రిగ్గర్ తేలిగ్గానే ఉండాలి.

పాతపంపు
సెకనుకి పదిహేను చొప్పున కొడితే గన్ మీద రెండొందల బాల్స్ పట్టే డబ్బా, ఆ హాపర్ పదమూడు సెకన్లలో ఖాళీ. తర్వాత?

వెనకవరస
తర్వాత పాడ్‌లోంచి, అంటే విడి బాల్స్ డబ్బాలోంచి నింపుకుంటాను. అందుకేగా నడుముకి అన్ని కట్టుకునేది :) పైగా పెద్ద లీగుల్లో ఇప్పుడు పదిహేను లేదు. ఒకప్పుడు ఉండేది, తగ్గిస్తూ తగ్గిస్తూ పది దగ్గరికి తెచ్చారు.

స్ప్రింగుస్వామి
మీ ఇద్దరి గొడవలో ఒక విషయం కలిసిపోతోంది. తేలిక అనేది వేరు, చిన్నది అనేది వేరు. ట్రిగ్గర్ ఎంత బరువుగా నొక్కాలి అన్నది ఒకటి, ఎంత దూరం కదలాలి అన్నది ఇంకొకటి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది, అది ఎంత బలంగా వెనక్కి వస్తుంది అన్నది. ట్రిగ్గర్ సుఖం నొక్కడంలో ఉందనుకుంటారు, ఆట నడిచేది అది తిరిగి రావడం మీద. అది తిరిగి రాకపోతే రెండో షాట్ లేదు, సగం వచ్చి ఆగితే ఇదిగో ఈ డబుల్ షాట్ గొడవే.

దూరాన్ని కూడా మూడు ముక్కలుగా చూడాలి. షాట్ పడే ముందు కదిలేది ఒకటి. షాట్ పడే చోటు ఒకటి. పడ్డాక ఊరికే వెనక్కి వెళ్లేది ఇంకొకటి. చాలా గన్లలో దీనికి చిన్న చిన్న స్క్రూలు ఉంటాయి, సన్నటి అలెన్ కీతో తిప్పుతాం. పాత ఓనర్లు చేసే తప్పు ఒకటే. ముందు స్క్రూ, వెనక స్క్రూ రెండూ బిగించేసి ట్రిగ్గర్‌ని కదలకుండా చేసేస్తారు, పట్టుకున్నప్పుడు మహా అద్భుతంగా అనిపిస్తుంది. షాట్ పడే చోటుకీ స్విచ్ వదిలే చోటుకీ మధ్య వెంట్రుకవాసి కూడా మిగలదు. ఇంక వేలు కాస్త వణికినా చాలు.

లెక్కలబాబు
స్వామి గారు చెప్పింది అంకెల్లో పెడతాను. 0.68 కాలిబర్ బాల్ సుమారు 3 గ్రాములు. దాని వేగం సెకనుకి 300 అడుగులు అనుకుందాం, అంటే 91 మీటర్లు. హాపర్, ట్యాంక్ అన్నీ కలిపి గన్ మూడు కిలోలు అనుకుందాం, అంటే బాల్‌కి వెయ్యి రెట్లు. కాబట్టి బాల్ ముందుకి వెళ్లిన వేగంలో వెయ్యో వంతుతో గన్ వెనక్కి వస్తుంది, సెకనుకి 9 సెంటీమీటర్లు. పది మిల్లీసెకన్లలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు. భుజం, చేతులు పట్టి ఉంచుతాయి కాబట్టి నిజంగా అంత ఉండదు. కానీ ట్రిగ్గర్ మొత్తం కదలికే అర మిల్లీమీటరుకి కుదించుకుంటే? గన్ వెనక్కి జరుగుతుంది, వేలు ఉన్నచోటే ఉంటుంది, ట్రిగ్గర్ వదిలినట్టు అవుతుంది. గన్ మళ్లీ ముందుకి సర్దుకోగానే అదే వేలు నొక్కినట్టు అవుతుంది. మనం కదలకుండానే గన్ తనంతట తాను వేలికి వచ్చి తగులుతోందన్నమాట.

బంకర్‌బుజ్జి
ఇది ఇంత ఉందా! మూడుసార్లు చదివాను.

తీగలమనిషి
లెక్కలబాబు చెప్పింది గన్ కుదుపు వల్ల వచ్చే బౌన్స్. నేను చెప్పింది స్విచ్ లోపలి బౌన్స్. రెండూ వేరు, మందు కూడా వేరు. కాంతితో పనిచేసే ట్రిగ్గర్‌లో రేకులు ఉండవు కాబట్టి రెండోది రాదు, మొదటిది దానికీ వస్తుంది.

కొత్తచెయ్యి, ఏదో తేల్చడానికి ఒక పరీక్ష చెప్తా. గేమ్ గాగుల్స్ పెట్టుకో. హాపర్ తీసెయ్, బ్యారెల్‌కి కవర్ తొడుగు, లోపల బాల్ మిగల్లేదని చూసుకో. ట్యాంక్ విప్పి మిగిలిన గాలి కూడా వదిలెయ్. ఇప్పుడు గన్ ఆన్ చేసి బాల్‌ని చూసే సెన్సర్లు, అదే కళ్లు, ఆఫ్ చెయ్, లేకపోతే బాల్ లేదని బోర్డు పేల్చదు. సెమీలో పెట్టి మెల్లగా నొక్కు. గాలి లేదు కాబట్టి కుదుపు ఉండదు, సొలనాయిడ్ క్లిక్‌మనడం మాత్రం వినిపిస్తుంది. ఒక నొక్కుకి రెండు క్లిక్‌లు వస్తే తప్పు స్విచ్‌లోనో డీబౌన్స్‌లోనో ఉంది. ఒకటే క్లిక్ వస్తే స్క్రూలు, స్ప్రింగ్ చూడాలి.

చారలచొక్కా
గాలి వదలడం మర్చిపోవద్దు. ట్యాంక్ విప్పాక కూడా గన్‌లో ఒకట్రెండు షాట్లకి సరిపడా మిగులుతుంది.

అద్దెగన్నుఅప్పు
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నేను ఆడేది అద్దె గన్నులతో, కరెంట్ ఏమీ ఉండదు వాటికి. మొన్న ఒకటి చివర్లో వేలు తీసేసినా టపటపా కొడుతూనే ఉంది. అదీ బౌన్సేనా?

స్ప్రింగుస్వామి
కాదు, దాని కథ వేరు. అద్దె గన్నులు ఎక్కువగా బ్లోబ్యాక్ రకం, టిప్‌మన్ 98 లాంటివి. అందులో స్ప్రింగ్‌తో బిగించిన బరువైన హ్యామర్‌ని సియర్ అనే చిన్న కొక్కెం పట్టుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం జారుతుంది, హ్యామర్ ముందుకు దూకి వాల్వ్‌ని కొడుతుంది, గ్యాస్ బయటికి వస్తుంది. అందులో కొంత బాల్‌ని తోస్తుంది, మిగతాది హ్యామర్‌ని వెనక్కి నెడుతుంది, కొక్కెం మళ్లీ పట్టుకుంటుంది.

గ్యాస్ అయిపోవస్తే హ్యామర్ కొక్కెం దాకా వెళ్లదు. సగం దారిలోంచి మళ్లీ ముందుకి దూకుతుంది, మళ్లీ కొడుతుంది. నువ్వు విన్నది అదే. సీఓటూ ట్యాంక్ అయితే వరసగా కొట్టినప్పుడు చల్లబడి ఒత్తిడి పడిపోతుంది, అప్పుడూ ఇలాగే అవుతుంది. నిండు ట్యాంక్‌తో కూడా చేస్తే సియర్ అరిగిపోయినట్టే, అక్కడి వాళ్లకి చెప్పు. ఎప్పుడు జరిగినా గన్ నేల వైపు తిప్పి సేఫ్టీ వేసి కవర్ తొడిగెయ్.

అద్దెగన్నుఅప్పు
ట్యాంక్ అయిపోయే టైమే అది. భలే. ఇంకోటి, నేను గబగబా నొక్కితే బాల్స్ లోపలే పగిలిపోతున్నాయి. ట్రిగ్గర్ వల్లేనా?

లెక్కలబాబు
ట్రిగ్గర్ కంటే హాపర్ అడ్డు. మామూలు హాపర్‌లో బాల్ దాని బరువుకి అదే పడాలి. తన మందమంత దూరం, అంటే 17 మిల్లీమీటర్లు పడటానికే 60 మిల్లీసెకన్లు కావాలి, అదీ ఏ అడ్డూ లేకపోతే. బాల్స్ ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడితే ఇంకా ఆలస్యం. సగం దిగిన బాల్ మీదికి బోల్ట్ వస్తే కత్తిరించేస్తుంది. ఎలక్ట్రానిక్ గన్‌లో కళ్లు ఉంటాయి కాబట్టి బాల్ కూర్చునేదాకా ఆగుతుంది. నీ గన్‌కి కళ్లు లేవు, వేలే ఆగాలి.

కాకర్‌కాంతం
ఆటోకాకర్ అనే పాత గన్ వాడేవాళ్లని అడగండి ఈ బాధ! మా గన్‌లో ఒకే ట్రిగ్గర్ రెండు పనులు చేస్తుంది. మొదటి సగంలో సియర్ జారి షాట్ పడుతుంది. మిగతా సగంలో మూడు దారుల వాల్వ్ తిరిగి, ముందున్న ర్యామ్ అనే చిన్న గాలి పిస్టన్ బోల్ట్‌ని వెనక్కి లాగి మళ్లీ కాక్ చేస్తుంది. చివరిదాకా నొక్కకుండా వదిలేస్తే బోల్ట్ సగమే వెనక్కి వస్తుంది, బాల్ సగమే దిగుతుంది, ఆ తర్వాత బ్యారెల్ నిండా రంగే. నేను మొదటి ఏడాదంతా కడుగుతూనే గడిపాను. కానీ ఆ ట్రిగ్గర్ నేర్పిన క్రమశిక్షణ ఇంకేదీ నేర్పలేదు. పూర్తిగా నొక్కు, పూర్తిగా వదులు. టైమింగ్ కుదిరిన కాకర్ ట్రిగ్గర్ వేలికి ఇచ్చే తృప్తి ఇప్పటికీ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

పాతపంపు
కాంతమ్మా, నూటికి నూరుపాళ్లు.

కొత్తచెయ్యి
పరీక్ష చేశాను. గాలి లేకుండా ఇరవై సార్లు మెల్లగా నొక్కాను, ఇరవైసార్లూ ఒకే క్లిక్. అంటే బోర్డు, స్విచ్ బాగానే ఉన్నట్టేనా? ట్రిగ్గర్ కదలిక చూస్తే అస్సలు లేదు, గోరు కూడా పట్టదు. ముందు స్క్రూ, వెనక స్క్రూ రెండూ లోపలిదాకా బిగించి ఉన్నాయి.

స్ప్రింగుస్వామి
దొరికింది దొంగ. నీ ట్రిగ్గర్ స్ప్రింగ్‌తో తిరిగి వస్తుందా, మాగ్నెట్‌తోనా?

కొత్తచెయ్యి
మాగ్నెట్. ముందు వైపు ఉంది, ట్రిగ్గర్‌ని తన వైపు లాక్కుంటుంది.

స్ప్రింగుస్వామి
అలాగైతే ఇది గుర్తుపెట్టుకో. స్ప్రింగ్ నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. లాక్కునే మాగ్నెట్ అలా కాదు, దగ్గరున్నప్పుడు గట్టిగా పట్టుకుంటుంది, దూరం పెరిగేకొద్దీ పట్టు చాలా తొందరగా తగ్గిపోతుంది. మొదట్లో "టక్"మని విడిపోయినట్టు బాగుంటుంది కానీ చివర్లో, అంటే షాట్ పడి కుదుపు వచ్చే సరిగ్గా ఆ సమయానికి, వెనక్కి తోసే బలం మిగలదు.

ఇలా చెయ్. మాగ్నెట్ స్క్రూని పావు చుట్టు ట్రిగ్గర్ దగ్గరికి తీసుకురా. ముందు స్క్రూ వదులు చేసి షాట్‌కి ముందు కొంచెం కదలిక ఇవ్వు, స్విచ్ పూర్తిగా వదిలే చోటు దాకా ట్రిగ్గర్ రావాలి. వెనక స్క్రూ మాత్రం ఎక్కువ వదలొద్దు, షాట్ పడ్డాక మరీ దూరం వెళ్లకూడదు. ఒక్కోసారి ఒక్క స్క్రూ, పావు చుట్టు, తర్వాత పరీక్ష. అన్నీ ఒకేసారి తిప్పావంటే ఏది పనిచేసిందో తెలియదు. ఆ పని మీద ఉన్నప్పుడే ట్రిగ్గర్ పిన్ తీసి తుడువు. పగిలిన పెయింట్ అక్కడ చేరి జిగురులా పడితే ఎంత మంచి మాగ్నెట్ అయినా లాగలేదు.

తీగలమనిషి
డీబౌన్స్ కూడా కంపెనీ ఇచ్చిన అంకెకి తిరిగి పెట్టు. దాన్ని మాత్రమే పెంచేసి స్క్రూలు వదిలేస్తే సమస్య కప్పబడుతుంది అంతే. మరీ పెంచితే వేగంగా నొక్కినప్పుడు నిజమైన నొక్కుల్ని కూడా మింగేస్తుంది.

వెనకవరస
కొంచెం కదలిక పెరిగితే స్పీడ్ పడిపోతుందని భయపడకు. ఇది ఒప్పుకోవాల్సిన విషయం, నేను కూడా మొదట అరమిల్లీమీటరు కోసం కొట్టుకున్నాను. ట్రిగ్గర్ గట్టిగా తిరిగి వస్తే వేలికి ఎక్కడ వదలాలో తెలుస్తుంది, లయ దానంతట అదే కుదురుతుంది. తేలిక కావాలి అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కదలనే కూడదు అన్నది మాత్రం వదిలేశాను.

బంకర్‌బుజ్జి
నా ఆట ముందు వరసలో. డైవ్ కొట్టేటప్పుడు మరీ లైట్ ట్రిగ్గర్ అయితే చేయి నేలకి తగలగానే పేలుతుంది, నేనెక్కడ ఉన్నానో అందరికీ తెలిసిపోతుంది. బంకర్ పక్కనుంచి తల బయటపెట్టి ఒక్క షాట్ కొట్టి దాక్కోవడానికి మాత్రం మొదటి కదలిక తక్కువుండాలి. పొడవైతే నొక్కేలోపు బ్యారెల్ పక్కకి జరుగుతుంది.

చారలచొక్కా
పరుగెత్తేటప్పుడు వేలు గార్డ్ బయట పెట్టుకో బుజ్జీ. ట్రిగ్గర్ ఎలా ఉన్నా ఆ అలవాటు ఉండాల్సిందే.

బంకర్‌బుజ్జి
సరే సార్. నిజంగా అలవాటు చేసుకుంటాను.

కాకర్‌కాంతం
ఎలక్ట్రానిక్ తలనొప్పి వద్దనుకునేవాళ్లకి ఇప్పుడు ఎమెక్ లాంటి మెకానికల్ గన్లు ఉన్నాయి. బరువైన హ్యామర్‌ని ట్రిగ్గర్‌తో వదిలే పద్ధతి కాదు, ట్రిగ్గర్ చిన్న గాలి వాల్వ్‌ని కదిపితే బోల్ట్‌ని గాలే నడుపుతుంది. అందుకే మెకానికల్ అయినా వేలికి అంత భారం ఉండదు. నా చెల్లెలు దానితోనే మొదలుపెట్టింది.

కొత్తచెయ్యి
వారం తర్వాత రాస్తున్నా. పిన్ తీస్తే చుట్టూ ఎండిపోయిన రంగు, గోకితే పొరలుగా వచ్చింది. తుడిచి, స్వామి గారు చెప్పినట్టు పావు చుట్టు చొప్పున తిప్పాను. మాగ్నెట్ రెండు పావులు, ముందు స్క్రూ మూడు పావులు. ఆ మూడో పావుకి డబుల్ ఆగింది. డీబౌన్స్ ఒకటి దగ్గర ఉంది, మాన్యువల్‌లో ఐదు అని ఉంటే ఐదు చేశాను.

ఈ రోజు గ్రౌండ్‌కి వెళ్లి ముందు అదే రెఫరీ దగ్గరికి వెళ్లాను. బాల్ వేగం కొలిచే క్రోనో మీద చూపించి, మెల్లగా నొక్కి చూడమని నేనే అడిగాను. పదిసార్లు నొక్కాడు, పది బాల్స్. గన్ చేతిలో పెట్టి "ఆడుకో" అన్నాడు. నాలుగు గేమ్‌లు ఆడాను. మొదటి గేమ్‌లో ట్రిగ్గర్ దూరం కొత్తగా అనిపించింది, రెండో దాంట్లో మర్చిపోయాను.

స్ప్రింగుస్వామి
చాలా సంతోషం. స్క్రూల మీద నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వెయ్, కుదుపులకి తిరక్కుండా ఉంటాయి. ఎర్రది వద్దు, తర్వాత ఊడదు.

కొత్తచెయ్యి
వేస్తాను. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. చారలచొక్కా గారికి ఇంకొంచెం ఎక్కువ.

బంకర్‌బుజ్జి
ఈ చర్చ అంతా చదివాక ఒకటే ఆలోచన. నేను మార్చిన పాత బోర్డు ఇంకా డబ్బాలోనే ఉంది. బోర్డు మార్చేటప్పుడు ట్రిగ్గర్ కూడా విప్పి తుడిచి బిగించాను, ఇప్పుడు గుర్తొస్తోంది. రేపు పాతది మళ్లీ పెట్టి, గాలి లేకుండా క్లిక్‌లు లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.